కొబ్బరి డొక్క రంగు, లేసు ల్యాంప్‌షేడు: ప్రాజెక్టు డైరీ

డిసెంబరు: సరుకు, మనుషులు

నర్సాపురం లేసు అనగానే ఇప్పటికీ అందరికీ తట్టేది తెల్లటి టేబుల్ గుడ్డ, సోఫా వీపు మీద గుడ్డ, టీవీ కవరు. టీవీ గోడకెక్కాక కవరుతో పని లేకపోయింది. మిగతావి మెషీన్ లేసు ధరకి దిగలేక తగ్గిపోయాయి. అల్లేవాళ్లు మాత్రం ఉన్నారు. నర్సాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల ఏ ఊళ్లోకి మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్లినా అరుగుల మీద సూదులు ఆడుతూనే ఉంటాయి. ఆ సూదులకి కొత్త పని కావాలి, ఆ పనికి గిట్టుబాటు కూలీ కావాలి. ఈ ప్రాజెక్టు అందుకే.

చేయబోయేది ల్యాంప్‌షేడు. లేసులో అందమంతా కన్నాల్లోనే ఉంటుంది. బల్ల మీద పరిస్తే ఆ కన్నాలు చెక్క రంగులో కలిసిపోతాయి. వెనక దీపం పెడితే పువ్వు నీడ గోడంతా పరుచుకుంటుంది. 60 వాట్ల ఫిలమెంటు బల్బుల రోజుల్లో నూలుని దీపం పక్కన పెట్టాలంటే భయం, ఆ వేడికి దారం ఎర్రబడి మాడిపోయేది. ఇప్పుడు 7 వాట్ల ఎల్‌ఈడీ చుట్టూ నూలు చల్లగానే ఉంటుంది.

రంగు కొబ్బరి డొక్క నుంచి, అంటే కాయ చుట్టూ ఉండే పీచు తొక్క. చట్రం వెదురుతో. లేసు బిగుసుకుని నిలబడడానికి చింతగింజల జిగురు. గోదావరి పాయ వశిష్ఠకి ఇటూ అటూ దొరికే సరుకే ఇదంతా, ఒక్క నూలు తప్ప. లేసు దారం మిల్లు నుంచి వస్తుంది, ఎప్పుడూ అక్కడి నుంచే వచ్చేది. అందుకని షేడుకి కట్టే చీటీ మీద "అంతా లోకల్" అని రాయకూడదని మొదటి రోజే తేల్చుకున్నాం.

అల్లేది మా పిన్ని, ఆవిడ వీధిలో ఇంకొందరు ఆడవాళ్లు. వెదురు పని పాలకొల్లు దగ్గర ఒక మేదర తాతది. గీతలు గీయడం, లెక్కలు రాయడం, కొట్ల చుట్టూ తిరగడం నా వంతు.

ఈ అల్లిక మనదేనా అని ఒకాయన అడిగారు. సూది 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ మిషనరీల చేతి మీదుగా వచ్చిన మాట నిజమే. మిరపకాయ కూడా పోర్చుగీసు ఓడల్లోనే దిగింది. ముత్తవ్వ దగ్గర నుంచి మునిమనవరాలి దాకా చేతులు మారిన పనిని ఎవరిదని అడిగేవాళ్లతో వాదనకి కూర్చునే తీరిక మాకు లేదు. 2024లో నర్సాపురం క్రోషా (కొక్కెం సూదితో అల్లే) లేసుకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది.

సంక్రాంతి తర్వాత: డొక్కలు

పండక్కి కోనసీమలో బొండాలు తెగ తాగుతారు, ఆ తర్వాత డొక్కలు ఎక్కడ చూసినా గుట్టలే. సఖినేటిపల్లి వైపు చుట్టాల తోటలో ఒలుపు అయ్యాక మిగిలినవి గోనెల్లో నింపుకుని పంటు (రేవు దాటించే పడవ) మీద నర్సాపురం రేవుకి తెచ్చుకున్నాం. పంటు మీద ఒకాయన, "డొక్కలకి కూడా టిక్కెట్టు కొన్నారా అమ్మాయ్?" అని నవ్వాడు.

కొబ్బరి డొక్కలో టానిన్లు (వగరు పదార్థాలు) ఉంటాయి. పచ్చి డొక్కని కత్తితో కోసి వదిలేస్తే కోసినచోట కాసేపటికి ఎర్రబడేది వాటివల్లే. చొక్కా మీద బొండం నీళ్ల మరక పడితే ఎన్ని సబ్బులు అరగదీసినా పోదు కదా, ఆ మొండితనమే మాకు కావలసింది.

పచ్చి బొండం డొక్క, ముదురు కాయ డొక్క, ఎండిన డొక్క మూడూ వేరువేరుగా ఉడికించి చూశాం. పచ్చిదాంతో గులాబీ ఛాయ ఉన్న బిస్కెట్టు రంగు వచ్చింది. ముదురుది గోధుమ రంగు వైపు పోయింది. ఎండినదాంట్లో రంగు తక్కువ, మురికి ఎక్కువ. పచ్చిదాన్నే ఖాయం చేశాం. ఎలాగూ రోడ్డు పక్కన బొండాల బండ్లవాళ్లు పారేసేది అదే. ఎండినవి పొయ్యిలోకి. రంగు కాగడానికి కావలసిన మంట డొక్కలతో, మట్టలతోనే నడుస్తోంది, గ్యాసు ముట్టుకోలేదు.

పీచు యూనిట్ల దగ్గర కొబ్బరి పొట్టు కడిగిన నీళ్లు ఎర్రగా పారుతుంటాయి కదా, అవే పట్టుకొస్తే రంగూ దొరుకుతుంది, పారబోసే నీళ్లూ పనికొస్తాయని నాకు ఆశ. నాలుగు డబ్బాలు తెచ్చి చూశాం. పొట్టులో ఉప్పులు ఎక్కువ, అవి పోగొట్టడానికే కదా కడిగేది. ఆ ఉప్పంతా నీళ్లలోనే ఉంది, రంగేమో పలచన. చిక్కబడేదాకా మరిగిస్తే పొయ్యి ఖర్చు తడిసి మోపెడు. ఆ ఆలోచన అంతటితో ఆపేశాం.

ఫిబ్రవరి: రంగు పట్టించడం

పట్టుకి, ఉన్నికి రంగు తొందరగా పడుతుంది. నూలు అంత తేలిగ్గా లొంగదు. పటిక ఒక్కటే వేస్తే నూలుకి సరిగా అంటుకోదు, ముందు టానిన్ పట్టించి తర్వాత పటిక పట్టించాలి. కలంకారీవాళ్లు గుడ్డని కరక్కాయ నీళ్లలో ముంచేది కూడా ఇందుకే. కృష్ణా డెల్టాలో పెడన చుట్టుపక్కల ఇది రోజూ జరిగే పని, మనం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

మాకు కుదిరిన పాళ్లు ఇవి. 100 గ్రాముల నూలుకి 20 గ్రాముల కరక్కాయ పొడి, 15 గ్రాముల పటిక, తరిగిన పచ్చి డొక్క 400 గ్రాములు. ముందు నూలుని కుంకుడు రసం, కొద్దిగా చాకలి సోడా వేసిన నీళ్లలో ఉడికించి జిడ్డు, మైనం పోగొడతాం. కరక్కాయ నీళ్లలో రాత్రంతా నానుతుంది. మర్నాడు గోరువెచ్చని పటిక నీళ్లు. డొక్క ముక్కలు ముందురోజే నానేసి, సన్నసెగ మీద గంటసేపు కాచి, వడగట్టి, ఆ రసంలో నూలు వేసి ఇంకో గంట. మరగనివ్వకూడదు. పొయ్యి ఆర్పాక చల్లారేదాకా అందులోనే వదిలేయాలి. గిన్నె స్టీలుదై ఉండాలి. ఇనప బాణలి పెడితే టానిన్, ఇనుము కలిసి నలుపు తిరుగుతుంది.

ఆ నలుపు కూడా కావాలనే చేసి చూశాం. తుప్పు మేకులు, బెల్లం నీళ్లు కుండలో పోసి పులియబెట్టి, ఆ నీళ్లు చుక్కలు చుక్కలుగా కలిపితే బిస్కెట్టు రంగు కాస్తా మేఘం రంగుకి మారింది. ఫొటో చూసిన హైదరాబాద్ కొట్టు ఆవిడకి అదే నచ్చింది. మా పిన్ని మాత్రం ముఖం ముడిచింది. "దీపానికి బూడిద రంగేవిటే, శుభమా అని వెలిగించుకునేదానికి!" నేనూ ఆవిడ వైపే, కారణం వేరు. ఇనుము పాలు కాస్త ఎక్కువైతే నూలు బలం తగ్గిపోతుంది, ఏడాది రెండేళ్లకి దారం పిట్లిపోతుంది. లేసులో ఒక్క దారం తెగినా దాని వెంట ఊడేది చాలా ఉంటుంది. మేఘం రంగు పక్కన పెట్టేశాం.

ఇక్కడే ఒక పెద్ద నిర్ణయం జరిగింది, అది నాది కాదు. నూలు చిలపలకి (దారం చుట్టలకి) ముందే రంగు వేసి, ఆ రంగు దారంతో అల్లించాలని నా ప్లాను. వీధి చివర పెద్దమ్మ ఒకావిడ ఆ దారం చేతిలోకి తీసుకుని, వెలుతురు వైపు తిప్పి, కింద పెట్టేసింది. "తెల్లదారమైతే కన్నం కనపడుద్ది. ఇది పొద్దుగూకాక కనపడదు. మా కళ్లతో కుదరదమ్మా." అంతే. తెల్లదారంతోనే అల్లి, అల్లిన ముక్కకి రంగు వేద్దామన్నారు.

ఆలోచించినకొద్దీ ఆ పద్ధతిలో లాభాలు బయటపడ్డాయి. తెల్ల లేసు నెలల తరబడి చేతుల్లో నలిగి మాసిపోతుంది, అమ్మే ముందు బ్లీచింగు పెట్టి ఉతకాలి. రంగు వేసేదానికి ఆ బ్లీచింగు అక్కర్లేదు, కుంకుడు రసంలో ఉడికిస్తే చాలు. ఉండల్ని విప్పి చిలపలు చుట్టే పని కూడా తప్పింది. ముడులు బిగుతుగా ఉన్నచోట రంగు కాస్త లేతగా పడుతోంది, అతుకుల దగ్గర సన్నటి తెల్లగీత కనపడుతుంది. నాకది బాగుంది. కొట్టు ఆవిడ "డిఫెక్టా?" అని అడిగింది. చేతిపని అన్నాను.

మార్చి: గంటల లెక్క

ఈ నెలంతా రంగు గిన్నెల దగ్గర కన్నా నోటుబుక్కు దగ్గరే ఎక్కువ గడిచింది.

మొదటి నమూనా 40 నంబరు దారంతో అల్లించాం. నంబరు పెరిగినకొద్దీ దారం సన్నం. చిన్నచిన్న పువ్వులు విడిగా అల్లి, తర్వాత అతుకుపని చేసి జల్లెడలాంటి గొట్టం తయారైంది. చూస్తే కళ్లు చెదిరాయి. ఎంతసేపు పట్టిందని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. "పనికి టైము చూసుకుంటావా అమ్మాయ్? వంటకీ వంటకీ మధ్యలో అల్లేదే కదా," అని పక్కింటావిడ నవ్వింది.

లేసు కూలీ ఎప్పుడూ ముక్కకే లెక్క, దారం ఉండకే లెక్క. గంటలు ఎవరూ అడగరు, అందుకే ఎవరూ చెప్పరు. 1970ల చివర్లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నర్సాపురం వచ్చి ఈ పని మీద అధ్యయనం చేశారు, 1982లో అది అచ్చయింది. ఇంట్లో కూర్చున్న ఆడవాళ్లు తీరిక వేళల్లో చేసుకునే పని అన్న పేరు పెట్టడం వల్లే ఇంత తక్కువ కూలీ చెల్లుబాటవుతోందని ఆవిడ వాదన. నాలుగు దశాబ్దాలు దాటాయి, మా అరుగు మీద అదే మాట వాళ్ల నోటి నుంచే వినపడింది. మా పిన్ని పక్కన కూర్చున్న ఇంకొకావిడ మాత్రం వెంటనే అందుకుంది. "తీరిక ఎక్కడిదండీ బాబూ. మధ్యలో మజ్జిగ తాగడానికి కూడా లేవం."

సూది పట్టినప్పుడు, పక్కన పెట్టినప్పుడు ఫోన్లో టైము చూసి నోటుబుక్కులో గీత పెట్టమని బతిమాలాను. రెండో వారానికి అలవాటైంది. అలాంటి షేడు ఒకదానికి దాదాపు 34 గంటలు పడుతోందని తేలింది.

ఇప్పుడు గంటకి ఎంతివ్వాలి? 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలీ రోజుకి 300 రూపాయలు. ఎనిమిది గంటలతో భాగిస్తే 37 రూపాయల 50 పైసలు. నేర్పు అవసరం లేని మట్టిపనికే అంత ఉన్నప్పుడు, పదేళ్ల వయసు నుంచి పట్టిన సూదికి అంతకన్నా తక్కువ ఇచ్చి, పైగా దానికి పర్యావరణం పేరు తగిలించడం నాకు సిగ్గుచేటుగా అనిపించింది. గంటకి 50 రూపాయలు అనుకున్నాం. 34 గంటలంటే లేసుకే 1,700. అన్నీ కలిపి కొట్టులో ధర 5,000 దాటుతుంది. ఆ ధరకి ఎవరో ఒకరు కొంటారు, ఏడాదికి పది ముక్కలు. వీధంతటికీ పని ఉండదు.

కూలీ తగ్గించకూడదు, కాబట్టి గంటలే తగ్గాలి. డిజైన్ అన్న మాటకి ఇక్కడే పని పడింది. నేను కాగితం మీద గీసినవాటిలో చాలా భాగం ఈ లెక్క ముందు నిలబడలేదు, చివరికి నిలబడ్డవి అల్లేవాళ్లు చెప్పినవే. అతుకుపని సగం సమయం తినేస్తోందని నోటుబుక్కు చెప్పింది. పువ్వుల్ని విడిగా అల్లడం మానేసి, పైనుంచి కిందికి గుండ్రంగా తిరుగుతూ ఒకే దారంతో పోతే అతుకే ఉండదు. దారం 20 నంబరుకి మార్చాం, 19 గంటలకి దిగింది. తర్వాత 10 నంబరు తీసుకుని, సూదికి దారం ఎక్కువసార్లు చుట్టి వేసే పొడుగు కుట్టు పెట్టాం. ఒక్కో వరసకి ఎత్తు పెరిగింది, కన్నాలు పెద్దవయ్యాయి, దీపానికి పెద్ద కన్నమే మంచిది. 12 గంటలు.

దారం ఖర్చు పెరిగింది. సన్నటి పనితనం తగ్గిందని పెద్దమ్మకి బాధ. ఆవిడ చేతి నేర్పు పూర్తిగా పోకుండా షేడు కింది అంచుకి వేలెడు వెడల్పున సన్నదారంతో పాతకాలపు పువ్వుల వరస పెట్టాం. అది ఆవిడే అల్లుతుంది, ఆ అంచుకి గంట రేటు వేరు.

మెషీన్ లేసు సంగతి కూడా రాయాలి. బజారులో క్రోషాలా కనపడే మెషీన్ లేసు చాలావరకు అల్లినది కాదు. నీళ్లలోనో మందులోనో కరిగిపోయే గుడ్డ మీద మెషీన్ ఎంబ్రాయిడరీ చేసి, తర్వాత ఆ గుడ్డని కరిగించేస్తారు, దారాలు మిగులుతాయి. దగ్గరగా చూస్తే దారం మెలికలు పడి ఉంటుంది కానీ ముడులు కనపడవు. కొనేవాళ్లకి చూపించడానికి ఒక ముక్క సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను.

వెదురు

మేదర తాత దగ్గర ఎక్కువ మాటలుండవు. రాజమండ్రి వైపు నుంచి వచ్చే వెదురులో ముదురు బొంగు ఏరుకుని, కాలువలో రాళ్లు కట్టి ముంచేస్తాడు. వారాల తరబడి నానితే లోపలి పిండిపదార్థం నీళ్లలోకి పోతుంది, పురుగుకి తినడానికేమీ ఉండదు, పుచ్చదు. మందులు పూసే పని లేదు. తీశాక వచ్చే వాసన మాత్రం భరించలేం. నీడలో ఆరబెట్టి, బద్దలు చీల్చి, వేడి చూపించి వంచుతాడు. రెండు కొసలూ ఏటవాలుగా చెక్కి ఒకదాని మీద ఒకటి పెట్టి దారంతో చుడతాడు, మేకు ఉండదు. ఒక షేడుకి పైన ఒకటి, కింద ఒకటి రింగులు, మధ్యలో మూడు నిలువు బద్దలు. "కాలువ కట్టేలోపు ఏడాదికి సరిపడా నానేసెయ్యాల," అన్నాడు. కాలువకి నీళ్లు ఎప్పుడు ఆపుతారో నేను అప్పటిదాకా ఆలోచించలేదు.

ఏప్రిల్, మే: కాలువ కట్టేశారు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి డెల్టా బతుకంతా కాలువ నీళ్లతోనే. వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు, నీళ్లు వదలరు. ఊరి చెరువు నిండా ఉన్నది తాగడానికే, రంగు గిన్నెల్లో పోస్తామంటే ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. నర్సాపురం దగ్గర వశిష్ఠలో వేసవికి సముద్రపు ఉప్పు ఎగదన్నుతుంది. మిగిలింది బోరు నీళ్లు.

బోరు నీళ్లతో వేసిన ముక్క మురికి గోధుమ రంగులో తేలింది, అక్కడక్కడా నల్లటి నీడలు. పాళ్లు అవే, నూలు అదే. నీళ్లలో ఇనుముందేమోనని చిక్కటి టీ డికాషన్‌లో కలిపి చూశాం. కాలువ నీళ్లు కలిపిన గ్లాసు ఎర్రగానే ఉంది, బోరు నీళ్లు కలిపింది నలుపు తిరిగింది. టీలోనూ టానిన్లే కదా. ఇప్పుడు ఏ ఊళ్లో రంగు వేయాలన్నా ముందు టీ పెట్టించుకుంటున్నాం, పనిలో పని.

రెండు నెలలూ రంగు ఆపేసి అల్లిక నడిపించాం. తెల్ల షేడులు బీరువాలో పోగుపడ్డాయి. ముక్కకి రంగు వేసే పద్ధతి కాకపోతే ఈ రెండు నెలలూ వీధికి పని ఉండేది కాదు.

ఎండ పరీక్ష మాత్రం ఈ కాలంలోనే బాగా జరిగింది. రంగు ముక్కని సగం అట్టతో కప్పి డాబా మీద మూడు వారాలు పెట్టాం. కప్పని సగం కొంచెం లేతబడింది, గులాబీ ఛాయ తగ్గి మట్టి రంగు మిగిలింది. ఎల్‌ఈడీ దీపంలో అతినీలలోహిత కిరణాలు దాదాపు ఉండవు కాబట్టి గదిలో ఇంత తొందరగా వెలవదు. కిటికీ ఎదురుగా తగిలించొద్దని చీటీలో రాస్తున్నాం.

జూన్ నుంచి ఆగస్టు: వాననీళ్లు, బూజు

తొలకరికి డాబా కడిగిన మొదటి వానలు వదిలేసి, తర్వాతి వాన డ్రమ్ముల్లో పట్టాం. వాననీళ్లలో ఉప్పూ లేదు, ఇనుమూ లేదు. ఇప్పటిదాకా వచ్చినవాటిలో అన్నిటికన్నా తేట గులాబీ రంగు ఆ నీళ్లతోనే వచ్చింది. కాలువలు వదిలినా పనికిరాలేదు, వరద మొదలయ్యాక గోదావరి ఎర్రనీళ్లు. ఇంట్లో తాగే నీళ్లకైతే ఇండుపగింజ అరగదీసి బిందెలో కలిపితే ఒండ్రు అడుక్కి దిగుతుంది, రంగు గంగాళాలకి ఆ ఓపిక ఎవరికుంది. డాబాల మీద వాననీటి డ్రమ్ములు పెంచడమే మేలు.

వాడేసిన నీళ్ల సంగతి. డొక్క రసంలో రంగు పూర్తిగా అయిపోయేదాకా లేతరంగు ముక్కలకి మళ్లీమళ్లీ వాడతాం. పటిక నీళ్లలో తగ్గినంత పటిక కలుపుకుంటూ పోతాం. చివర్లో కాస్త సున్నం వేస్తే పటిక తెల్లటి తెట్టెలా కిందికి దిగుతుంది, పైనీళ్లు గుంతలోకి వదులుతాం. టానిన్ నీళ్లు చెరువులోకి పోతే కుళ్లి నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతుంది, చేపలకి ముప్పు. చుట్టూ అన్నీ చేపల చెరువులున్న ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.

గట్టిదనం దగ్గర ఇంకా తేలలేదు. సగ్గుబియ్యం గంజి పెట్టినవి శ్రావణం వచ్చేసరికి వాలిపోయాయి. ఒకదాన్ని బొద్దింకలు కొరికాయి. చింతగింజలు వేయించి, పైపొట్టు తీసి, నానబెట్టి రుబ్బి ఉడికించిన జిగురు ఎంతో నయం. కొండపల్లి బొమ్మలవాళ్లు రంపపు పొట్టుతో కలిపి మక్కు (అతుకులకి పెట్టే ముద్ద) చేసేది ఈ జిగురుతోనే. లేసు బాగా బిగిసింది. కానీ వాన జల్లు తగిలే గదిలో పెట్టినదానికి దాని మీద కూడా బూజు చుక్కలు వచ్చాయి. పాతకాలం పుస్తకాల బైండింగు జిగురులో మైలుతుత్తం కలిపేవారు, అది విషం. పిల్లలున్న ఇంట్లో, చేతికందే దీపానికి అది వద్దన్నాను. ప్లాస్టిక్ లాంటి పూత పూస్తే బూజు రాదు, ఆ పూతతో లేసు ఇక ఉతకడానికి పనికిరాదు, ఎప్పటికైనా చెత్తలోకే.

దారి వేరే వైపు నుంచి దొరికింది. లేసుని రింగుకి కుట్టేయకుండా, జాకెట్టు వెనక తాళ్లలా నూలు తాడుతో అల్లి ముడి వేశాం. విప్పి, కుంకుడు రసంలో ఉతికి, ఇంట్లో గంజి పెట్టుకుని, మళ్లీ కట్టుకోవచ్చు. చీర ఉతికి గంజి పెట్టే ఇంటివాళ్లకి ఇది నేర్పాల్సిన పనే కాదు. ఫ్లాట్లలో ఉండేవాళ్ల కోసం బొమ్మలతో ఒక కాగితం గీస్తున్నాను. జిగురుకి వేపాకు కషాయం కలిపిన ముక్కలు రెండు ఆ వాన గదిలోనే వేలాడుతున్నాయి, ఇంకో వానాకాలం గడిస్తేగానీ ఏమీ చెప్పలేం.

సెప్టెంబరు: చీటీ మీద గొడవ

ఒక షేడు లెక్క ఇలా తేలింది. లేసు కూలీ 600, దారం 160, రంగు వేసిన కూలీ, సరుకు కలిపి 130, వెదురు చట్రం 220, హోల్డరు, వైరు 190, జిగురు పెట్టి కట్టినందుకు 100. మొత్తం 1,400. సన్నపువ్వుల అంచు ఉన్నదైతే పైన ఇంకో 200. అంచు లేనిది కొట్టుకి 1,550కి ఇస్తున్నాం, ఆ 150 వీధి ఉమ్మడి డబ్బాలోకి. కొట్టులో ధర 2,500.

చీటీ మీద "ఈ లేసు అల్లడానికి 12 గంటలు పట్టింది, గంటకి 50 రూపాయలు" అని అచ్చు వేయించాను. కొట్టు ఆవిడకి నచ్చలేదు. ప్రకృతి రంగులు, కొబ్బరి డొక్క అని పెద్దక్షరాల్లో వేయమంది, గంటల మాట తీసేయమంది. కూలీ రాస్తే కొనేవాళ్లు 2,500లో లేసుకి 600 అయితే మిగతాదేమిటని లెక్కలు వేస్తారట. వేయనీండి అన్నాను. ఒక అడ్వాన్సు ఆర్డరు ఆగింది.

అరుగు మీద అందరినీ అడిగాను. ఆర్డరు పోతుందని భయపడ్డవాళ్లున్నారు, వాళ్ల భయం నిజమైనదే, కరెంటు బిల్లు ఎవరి కోసమూ ఆగదు. మా పిన్ని అటూ ఇటూ తేల్చలేదు. ముందు టైము రాయడానికి నవ్విన పక్కింటావిడే చీటీ ఉండాల్సిందేనంది. తను గంటకి ఎంత సంపాదిస్తుందో మొదటిసారి ఆ కాగితం మీదే చూసుకుందట. పాత ఏజెంటు ఇచ్చిన టేబుల్ గుడ్డకి కూడా టైము రాసి చూసిందట, ఎంత వచ్చిందో మాకు చెప్పలేదు, "ఇంక ఆ పని ఒప్పుకోను" అంది, అంతే. చీటీ ఉంచాలనేవాళ్లే ఎక్కువమంది తేలారు. ఇంకో కొట్టు వెతకాలి.

భౌగోళిక గుర్తింపు ఉన్న పేరు, గుర్తు చీటీ మీద వేయాలంటే అధీకృత వాడుకరులుగా నమోదు కావాలి. కాగితాలు సిద్ధం చేస్తున్నాం. అప్పటిదాకా చీటీ మీద మా ఊరి పేరే.

ప్రస్తుతానికి

బీరువాలో రంగు వేయాల్సిన తెల్ల షేడులు చాలా ఉన్నాయి. కార్తీకానికి కాలువ తేటపడుతుంది, అప్పటి నుంచి ఫాల్గుణం దాకా రంగు పని, వెదురు నానేసే పని. వాననీటి డ్రమ్ములు వచ్చే తొలకరికి ఇంకో రెండు డాబాల మీద. 10 నంబరు దారంతో 12 గంటల కన్నా తగ్గించే నమూనా ఒకటి పెద్దమ్మ అల్లుతోంది, నా గీత అవసరం లేదంది. బెంగుళూరు నుంచి ఒక కొట్టువాళ్లు చీటీ ఫొటో అడిగారు, షేడు ఫొటో కన్నా ముందు. పంపించాను, జవాబు రావాలి.